ఉప్పు నేల మీద వాన

ఎవరేమడిగినా ఆ రోజే జవాబు చెప్పే అలవాటు కూర్మనాథం మాస్టారికి లేదు. నౌపడ ఉప్పుమళ్ల పక్కన రేకుల షెడ్డులో, ఆదివారం ఆదివారం కూలీల పిల్లల్ని కూర్చోబెట్టుకుని లోకంలోని పండగల గురించీ, ప్రకృతి వింతల గురించీ చెబుతుంటారాయన. చూపు మందగించాక, ఇక ఆ పని నువ్వు చూసుకోమని శిష్యురాలు హైమావతితో అన్నారు.

హైమావతి బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగిలిందంతా పాత పుస్తకాల్లోంచి తనే తవ్వుకుంది. మాస్టారు అప్పగించిన పనంటే ఆమెకు ప్రాణమే గానీ, లోపల ఒకటే పీకులాట.

"టెక్కలి దాటని దాన్ని. చూడని వింతల్ని ఏ ముఖం పెట్టుకుని చెప్పను మాస్టారూ?" అని అడిగింది. ఒక్క ఆదివారం చెప్పి చూడు, ఆనక వద్దనుకుంటే మానేద్దువు గాని, అని ఊరుకున్నారాయన.

ఆదివారం వచ్చింది. థాయిలాండులో అరటి దొప్పల్లో దీపాలు వదిలే పండగ గురించి చెబితే, అవి మన కార్తీక దీపాలేనని పిల్లలు తేల్చేశారు. హైమావతికి ఊపొచ్చింది. బొలీవియా అనే దేశంలో కనుచూపు మేరా ఉప్పే పరుచుకున్న నేల ఉందనీ, వాన పడి నీళ్లు నిలిస్తే అదంతా అద్దమైపోయి ఆకాశం కాళ్ల కిందికి దిగుతుందనీ, అది చూడ్డానికి జనం విమానాలెక్కి వస్తారనీ చేతులు తిప్పుతూ చెప్పింది.

పిల్లల ముఖాలు వాడిపోయాయి. ముందు వరసలోంచి నూకరత్నం లేచింది.

"మరి అక్కడోలు ఉప్పుమీద తాటాకులు కప్పుకోలేదేటక్కా?"

వానకు ముందే ఉప్పు కుప్పలమీద తాటాకులు కప్పకపోతే ఏడాది కష్టమంతా కరిగి కాలవలో కలుస్తుందని ఆ షెడ్డులో ప్రతి పిల్లకీ తెలుసు. హైమావతి చదివిన పుస్తకంలో మాత్రం ఆ ఉప్పు ఎవరు పోగేసుకుంటారో ఒక్క ముక్క లేదు. తెలీదని ఒప్పుకుంది. తెలీనప్పుడు చెప్పడమెందుకని వెనకనుంచి ఎవరో దెప్పారు. నూకరత్నం వదల్లేదు. అంత నేలకు ఎన్ని తాటిచెట్లు కావాలి, అసలక్కడ తాటిచెట్లున్నాయా, లేకపోతే ఏం కప్పాలి అని పక్కవాళ్లతో తగువు పెట్టుకుంది. ఆ తగువుతోనే అందరూ ఇళ్లకు పోయారు.

హైమావతి షెడ్డు తాళంచెవి తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. జరిగిందంతా చెప్పి, చిన్న ప్రశ్నకే కూలబడ్డాననీ, కళ్లారా చూసొచ్చినవాళ్లయితే జవాబు చెప్పగలిగేవారనీ అంది.

ఆయన తాళంచెవిని ఆమె వైపే జరిపారు.

"చూడ్డానికి వెళ్లినవాళ్లు అద్దం చూసుకుని వచ్చేశారమ్మా. నూకరత్నం ఇంకా అక్కడే ఉంది, తాటాకులు వెతుక్కుంటూ."