ఒకే హోరు నగారా

నీలగడ్డ కోటలో నగారా గవరయ్య దెబ్బ వేస్తే ఏడూళ్ల అవతల పాలు విరిగేవి. రాజు వచ్చేటప్పుడు అతను పెద్ద దెబ్బ వేయడం, అది విని సభ లేవడం ఆనవాయితీ.

అంతటివాణ్ణి పట్టుకుని రాజు, "ఇకనుంచి పొద్దంతా పెద్ద దెబ్బే వినపడాలి. మెత్తగా కొట్టావా, నీ కొలువు ఊడినట్టే" అన్నాడు.

పదిరోజుల్లో ఆ హోరు సభకు అలవాటైపోయింది. రాజు వచ్చినా ఒక్కరూ లేవలేదు.

"నా రాక చాటవేంరా?"

"చాటాను ప్రభూ. కానీ వంటవాడు వచ్చినా ఇదే కొడుతున్నాను కదా."

"రేపు సభ లేవకపోతే నువ్వు ఇంటికే."

మర్నాడు రాజు గడప దాటగానే గవరయ్య చేతులు ఆపేశాడు. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి, కునుకుతీస్తున్న మంత్రితో సహా సభంతా లేచి నిలబడింది.

"ఎందుకు ఆపావు?" అన్నాడు రాజు.

"ఉన్న హోరంతా అందరికీ పంచేశాను ప్రభూ. తమరికంటూ మిగిలింది ఈ నిశ్శబ్దం ఒక్కటే."