ఆకు కాలు, గుడ్డ కాలు

పట్టాభిషేకం నాడు కోట ముందు మైదానంలో మీరూ ఉన్నారుగా? ఏం చూశారో చెప్పండి! కవాతు చేస్తున్న భటులు సగం మంది అటు, సగం మంది ఇటు తిరిగి ఒకరి మీద ఒకరు పడ్డారు. అదేదో కొత్త విన్యాసం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. రాజుకూ ఏమీ పాలుపోలేదు.

"ఎడమ కాలికి పడాల్సిన నగారా తప్పు కొట్టాడు ప్రభూ! వీడికి యాభై కొరడా దెబ్బలు వేయించండి," అంటూ సేనను నడిపే దళవాయి, నగారా వాయించే ఎల్లమందను ముందుకు తోశాడు.

ఆ భటులకు కుడి ఎడమలు తెలియవు. అందుకని ఎడమ కాలికి తాటాకు, కుడి కాలికి గుడ్డ కట్టి, "ఆకు కాలు! గుడ్డ కాలు!" అని అరుస్తూ నడక నేర్పారు. పండగ పూట చూడ్డానికి బాగుండదని ఆ పొద్దున దళవాయే, మీ అందరి కళ్ల ముందు, అవన్నీ విప్పించాడు.

ఎల్లమంద చేతులు కట్టుకున్నాడు. "దెబ్బలు తింటాను ప్రభూ. నా నగారా ఎడమ కాలికి పడలేదంటున్నారు కదా, ఆ ఎడమ కాలేదో దళవాయిగారిని ఒక్కసారి ఎత్తి చూపించమనండి."

"చూపించవయ్యా," అన్నాడు రాజు.

దళవాయి వంగి తన కాళ్లకేసి చూశాడు. ఆకు కోసం వెతికాడు. అతనూ ఆ తాటాకుతో నేర్చుకున్నవాడే మరి! ఒక కాలు ఎత్తబోయి మానుకుని, రెండోది ఎత్తబోయి చతికిలపడ్డాడు.

రాజు నవ్వు ఆపుకోలేక ఎల్లమందను వదిలేయమన్నాడు.

సరే, అతని తెలివి అతన్ని కాపాడింది. ఆకులు విప్పించింది ఎవరో కళ్లారా చూసిన మీరు, కొరడా తెస్తుంటే ఒక్కరూ నోరు విప్పలేదేం?