హమామ్ ఆరిన రోజు

లతీఫ్ కాపలాలో మంట ఒక్కసారి కూడా ఆరలేదు. అతనికి వచ్చిన చిక్కల్లా అదే.

కాశ్మీరు కొండల్లో, ఒక కనుమ కింద, సూఫీలు కలిసి బతికే మఠం ఒకటి ఉండేది. చలికాలంలో ఆ మఠంలో వెచ్చగా ఉండేది ఒక్కటే గది. దాన్ని హమామ్ అంటారు. మన ఇళ్ళలో పొయ్యి గదిలో ఉంటుంది. అక్కడ గదే పొయ్యి మీద ఉంటుంది. నేలంతా పెద్ద పెద్ద రాతిపలకలు, వాటి కింద సొరంగంలాంటి పొయ్యి. దాని నోరు గోడకి బయటివైపు. అక్కడ కట్టెలు పెడితే మంట పలకల కింద పాకుతుంది. పొగ అవతలి గోడలోని గొట్టంలోంచి పైకి పోతుంది. గది మూల రాతిలోకి దింపిన రాగి బాన ఉంటుంది, నీళ్ళు కూడా ఆ మంటకే కాగుతాయి. తిండి, నిద్ర, నమాజు, గురువుగారి మాటలు వినడం, అన్నీ ఆ పలకల మీదే.

పొయ్యి నోటి దగ్గర కూర్చునే పని ఆ ఏడే మఠంలో చేరిన లతీఫ్‌ది. మొదటి మంచు పడ్డనాడు ముట్టించాడు. అప్పటినుంచి అతని తిండీ కునుకూ అక్కడే, కట్టెల మోపుకి ఆనుకుని. ఎవరైనా గది వెచ్చగా ఉందంటే, "ఉండదా మరి, నా చేతి మంట" అనేవాడు.

"నిన్ను ఆ పొయ్యికే ఇచ్చి నికా చేయాల్సిందిరా. ఇంకే ఆడపిల్లా నీతో వేగలేదు" అని వంటచేసే రహ్మత్ చాచా ఏడిపించేవాడు. లతీఫ్ దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. చలి నడిమికి వచ్చాక ఒకరోజు హమామ్‌కి సెలవు. ఆ రోజు మంట ఆర్పి, పొడుగాటి కర్ర కొసకి ఉన్నిగుడ్డ చుట్టి, పలకల కింది దారులూ పొగగొట్టమూ తుడిచి మసి తీస్తారు. గురువు యాసీన్ బాబా ఒకసారి గుర్తు చేశారు.

"మసి తీశావా, లతీఫ్?"

"రేపు తీస్తాను బాబా. ఇవాళ చలి మరీ ఎక్కువగా ఉంది."

తర్వాత మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే జవాబు. చలి రోజూ ఎక్కువగానే ఉంటోంది. లతీఫ్ మనసులో మాట వేరు. తనకంటే ముందు కాపలా ఉన్నవాళ్ళంతా ఏడాదికొకసారి మంట ఆర్పారు. తాను ఆర్పకుండా చలికాలం దాటించాలి.

ఇంతలో కనుమ మూసుకుపోయింది. ఆ మంచులో ఇరుక్కుని ఒక కుటుంబం మఠానికి చేరింది. ఫక్రూ అనే ఉన్ని నేతగాడు, పుట్టింటినుంచి తీసుకొస్తున్న భార్య జూనీ, నెలల పాప. వాళ్ళని హమామ్‌లో పొయ్యికి దగ్గరగా, అందరికంటే వెచ్చని పలక మీద పడుకోబెట్టారు.

మర్నాడు పొద్దున ఫక్రూ బయటికి, లతీఫ్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పాప పాలు తాగడం లేదు. వాళ్ళమ్మ తల పట్టుకుని కూర్చుంది. వాంతి కూడా చేసుకుంది."

"మంచులో నడిచి వచ్చారు కదా, చలి పట్టేసుంటుంది. నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాను."

ఎండిన దేవదారు మొద్దులు మరో నాలుగు లోపలికి తోశాడు. పొగ వెనక్కి తిరిగి మొహాన కొట్టింది. గాలి మళ్ళిందనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి ఫక్రూ మళ్ళీ వచ్చాడు. "పాప నిద్రపోతూనే ఉందన్నా."

"వెచ్చబడిందన్నమాట" అంటూ లతీఫ్ ఇంకో రెండు మొద్దులు పెట్టాడు.

పొద్దుటిపూట యాసీన్ బాబా మేడమీది చిన్నగదిలో ఒంటరిగా కూర్చుంటారు. ఆ వేళ కిందికి దిగి హమామ్‌లోకి వచ్చేసరికి శిష్యులు ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు. రహ్మత్ చాచా కూడా గోడకి చేరగిలబడి కణతలు నొక్కుకుంటున్నాడు. బాబా వంగి పాప అరికాలు గిల్లారు. కాలు కదల్లేదు.

ఆయన తలుపు బార్లా తెరిచారు. "అందరూ బయటికి పదండి. ముందు ఆ తల్లిని లేపండి" అని చెప్పి తాను గోడ చుట్టూ తిరిగి పొయ్యి నోటి దగ్గరికి నడిచారు.

"తప్పుకో, లతీఫ్."

లతీఫ్ లేచే లోపే ఆయన ఇనుప కొక్కెం అందుకుని, మండుతున్న మొద్దునొకదాన్ని బయటికి లాగి మంచులోకి విసిరారు. అది చుయ్యిమంది.

"ఏం చేస్తున్నారు బాబా?"

ఆయన రెండో మొద్దుకి కొక్కెం తగిలించారు.

"బాబా, ఇక్కడ ఉమ్మితే నేలని తాకేలోపే గడ్డకడుతోంది. లోపల పసిగుడ్డు ఉంది. మంట తీసేస్తే సాయంత్రానికి ఆ పిల్ల బతకదు."

రెండో మొద్దు కూడా మంచులో పడింది. లతీఫ్ వచ్చి పొయ్యి నోటికి అడ్డంగా నిలబడ్డాడు. గురువుకి అతను ఎదురు నిలవడం అదే మొదలు.

"ఆర్పనివ్వను."

బాబా కొక్కెం దించారు. "దేన్ని కాపాడుతున్నావు, నాయనా?"

"పాపని."

"పాప మొహం చూశావా?"

లతీఫ్ చూడలేదు. నిన్నటినుంచీ పొయ్యి వదిలి కదల్లేదు.

గోడ మలుపులో ఫక్రూ కనిపించాడు. చేతుల్లో పాప. దాని తల, నీళ్ళు తాగిన దూదిలా, అతని మోచేతి మీంచి వేలాడుతోంది. "లేపుతుంటే లేవడం లేదు" అన్నాడు.

లతీఫ్ అడ్డం తొలగాడు. కొక్కెం బాబా చేతిలోనే ఉంది. అతను ఉత్తచేతుల్తోనే మిగిలిన మొద్దుల్ని పట్టి లాగడం మొదలుపెట్టాడు. చివరి నిప్పుకణిక వరకూ మంచులోకి గిరాటేశాడు.

వసారాలో జూనీ తన ఉన్ని అంగీ లోపల పాపని పొదువుకుని కూర్చుంది. పాప మొహం మాత్రం గాలికి బయట పెట్టించారు బాబా. ఆయన దాని పాదాలు అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతున్నారు. లతీఫ్ కాలిన వేళ్ళని చంకల్లో పెట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. పాప ముక్కు మీద వాలిన మంచుతునక కరగడం చూశాడు. ఇంకోటి వాలింది. అదీ కరిగింది.

పాప తుమ్మింది. పెదవులు విరిచి, సన్నగా మొదలుపెట్టి, గుక్కపట్టి ఏడ్చింది. జూనీ కంగారుగా ఊరుకోబెట్టబోయింది.

"ఏడవనియ్యి తల్లీ. గుండెల నిండా గాలి పోనియ్యి" అన్నారు బాబా.

ఆ తర్వాత లతీఫ్ పొడుగు కర్ర తెచ్చాడు. పొయ్యి నోట్లోంచి దాన్ని పలకల కిందికి దూర్చి, దారి దారీ తుడిచాడు. గొట్టం మొదట్లో మసి గడ్డకట్టి, చెయ్యి దూరే సందు కూడా మిగల్లేదు. పొడిస్తే గంపలకొద్దీ రాలింది. పొగ పైకి పోయే వీల్లేక పలకల సందుల్లోంచి గదిలోకి ఊరుతోందని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పొగంతా పోయాక, మధ్యాహ్నం అందరూ మళ్ళీ లోపలికి చేరి గది తలుపు మూశారు. లతీఫ్ పని ముగించేసరికి ఎండ కొండ మీదికి ఎక్కిపోయింది. గాలి మొదలైంది. తన మూలాన పొద్దున పొగ ఆ పిల్లని చంపబోయింది, ఇప్పుడు చలి చంపుతుందన్న భయంతో అతను చితుకులు ఒళ్ళో పోసుకుని పొయ్యి వైపు పరుగెత్తాడు.

"ఆగు. ముందు లోపలికి రా" అన్నారు బాబా, గుమ్మంలోంచి.

"వెంటనే ముట్టించాలి బాబా. ఈపాటికి గది మంచుగడ్డ అయిపోయుంటుంది."

"రా."

చితుకులు అలాగే పట్టుకుని లతీఫ్ గుమ్మం దాటాడు. జూనీ పాపకి పాలు పడుతోంది. తాగుతూనే పాప బట్టల్లోంచి ఒక కాలు బయటపెట్టి తంతోంది. రహ్మత్ చాచా ఒళ్ళంతా మసి కొట్టుకుపోయిన లతీఫ్‌ని ఎగాదిగా చూశాడు. "పెళ్ళికొడుక్కి నలుగు బాగా పెట్టారు" అన్నాడు.

లతీఫ్ వినిపించుకోలేదు. తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. చెప్పులు విడిచి పలక మీద నిలబడ్డవాడు అలాగే ఆగిపోయాడు. వంగి, చేతి వెనకవైపు పలక మీద ఆన్చాడు. రెండడుగులు వేసి అవతలి పలక తాకాడు. మూలనున్న రాగి బానలో వేలు ముంచి తీశాడు.

"పొద్దున్నే ఆర్పేశాం కదా, బాబా?"

"ఆర్పేశాం."

"ఇంకా వెచ్చగానే ఉంది."

"ఎప్పుడూ ఇంతే. ఈ రాయి మర్నాటిదాకా చల్లారదు" అన్నారు బాబా. "ఒక్కసారైనా ఆర్పితే కదా నీకు తెలిసేది."

లతీఫ్ చితుకులు పక్కన పెట్టి, పాపకి కాస్త దూరంగా, పలక మీద కూర్చున్నాడు.