మంత్రి చేతిలో సగం సీసా

"తెరిచిన సీసాలోని ద్రాక్షసారాను పది రోజులు పులవకుండా దాచు. ఆ సాయంత్రమే నీ మొగుణ్ణి విడిచిపెడతాను." నిండు కొలువులో మంత్రి విరూపాక్షయ్య, కల్లమ్ముకునే సాయమ్మకు ఇచ్చిన మాట ఇది.

ఆమె మొగుడు మల్లేశు రాజుగారి పానశాల కాపలాదారు. ఓడలో వచ్చిన ఎర్ర ద్రాక్షసారాను సగం తాగి వదిలేసింది రాజుగారు. అది పులిసినందుకు చెరసాలకు పోయింది మల్లేశు. ఆ రాజ్యంలో దాన్నే న్యాయం అనేవారు.

సాయమ్మకు ఇచ్చిన సీసా కూడా సగం ఖాళీయే. కల్లును చెడగొట్టేది గాలేనని ఆమెకు తెలుసు. సారా మెడదాకా వచ్చేవరకు కడిగిన గులకరాళ్లు వేసి, బిరడా బిగించి, సీసాను తడి ఇసుకలో పాతింది. పదో రోజు రాజుగారు రుచి చూసి ఇంకో గుక్క అడిగారు.

"రాళ్లు వేయమని నేను చెప్పలేదు. కాబట్టి నా మాట చెల్లదు," అన్నాడు మంత్రి.

సాయమ్మ సారాను గిన్నెలోకి వంచి, రాళ్లు తీసేసి, మళ్లీ పోసి, సగం ఖాళీ సీసాను అతని చేతిలో పెట్టింది.

"అయితే రాళ్లు లేకుండా మీరే కాపలా కాయండి మంత్రిగారూ. పులిస్తే కాపలాదారుకు చెరసాల అన్నది మీ చట్టమే. చట్టం ముందు అందరూ సమానమని దండోరా వేయించిందీ మీరే."

మంత్రి సీసాను రాజుగారి వైపు చాచాడు. రాజుగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"తొందరేం లేదు," అంది సాయమ్మ. "అది పులవడానికి నాలుగు రోజులు పడుతుంది. నా మొగుడు ఇంటికి వస్తాడో, మీరే అతని పక్కకు పోతారో తేల్చుకోండి. నాలుగో రోజు, మాఘ శుద్ధ దశమి పొద్దున్నే జవాబు కోసం వస్తాను."