పలక మీది పసుపు

ఏ కాలమో చెప్పినవాళ్ళు లేరు, ఏ రాజు ఏలుబడో తేల్చినవాళ్ళు లేరు. పెన్న ఏడాది పొడుగునా ఒడ్డులు ఒరుసుకుని పారిన రోజులనుకోండి. అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరికి జరగండి. చదువులతల్లిని ఒకసారి తలుచుకోండి. ఆ తల్లి పేరు చెప్పి చేసిన అన్యాయం ఇది. అందుకే ఆమె సాక్షిగా చెప్పాలి.

పెన్న ఒడ్డున చింతరాల అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సరస్వతమ్మ గుడి, గుడిని ఆనుకుని తాటాకు పుస్తకాల భాండాగారం. దీపాలు పెట్టే వేళకు ఊరి పిల్లలంతా అక్కడికి చేరేవాళ్ళు. తలా ఒక పుస్తకం తీసుకునేవాళ్ళు. చూపులేని పిల్లలు మాత్రం బయట అరుగు మీద కూర్చోవాలి. లోపల ఎవరైనా పైకి చదివితే వినాలి. ఆపేస్తే లేచి పోవాలి.

ఆ ఊళ్ళోనే లక్కగాజులు చేసే సుంకులమ్మ ఉండేది. కుంపటి ముందు కూర్చుని లక్కను వేడిచేసి, దారంలా సాగదీసి, గాజు మీద తీగలు, చుక్కలు పెట్టేది. అక్షరమ్ముక్క రాదు. అమ్మవారంటే మాత్రం ప్రాణం. ఆమె మనవరాలు ఓబులమ్మ, పుట్టుగుడ్డి.

ఒక సాయంత్రం ఓబులమ్మ అరుగు మీంచి విసురుగా ఇంటికొచ్చింది. సంగటి ముద్ద పెడితే పక్కకు నెట్టేసింది.

"ఏందే నీ అలక?" అంది సుంకులమ్మ.

"కప్ప మబ్బును గొడుగు అడిగింది అవ్వా. మబ్బు ఏమందో చెప్పకుండానే చదివే పిల్లోడికి ఆవలింత వచ్చింది. పుస్తకం కట్టేసినాడు."

"రేపు చదువుతాడులే."

"రేపు వేరేది తీస్తాడు. వాడికి నచ్చిన చోట మొదలుపెడతాడు, వాడికి నచ్చిన చోట ఆపేస్తాడు. నాకు నచ్చిన చోట నేను ఆగొద్దా?"

"పోనీ, మబ్బు ఏమందో ఎవరినైనా అడిగి చెబుతా."

ఓబులమ్మ రెండు చెవులూ మూసుకుంది. "ఎవరూ చెప్పొద్దు! నేనే చదువుకుంటా!"

సుంకులమ్మ మర్నాడే భాండాగారం పెద్ద సింగరాచార్యుల దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడేనండీ, చీమను కూడా దాటుకుని నడిచే మనిషి. కానీ ఏమన్నాడో వినండి. "పిచ్చిదానా, ఆ పిల్లలకు భగవంతుడు చెవులిచ్చాడుగా. వింటే చాలదూ?"

చాలుతుందా అమ్మలారా? మీ ముందు విస్తరి వేసి, పక్కింటావిడ తింటుంటే వాసన చూడమంటే చాలుతుందా?

సుంకులమ్మ వెనుదిరిగింది. వీధిబడి పంతుల్ని బతిమాలి, చెక్కపలకల మీద బొగ్గుతో అక్షరాలు రాయించుకుంది. ఆ గీతల వెంబడే లక్కతీగ అతికించింది. అక్షరాలు చేతికి తగిలేలా లేచి నిలబడ్డాయి. ఓబులమ్మ వేళ్ళతో తడిమింది. చూపులేని పిల్లలంతా ఆ ఇంటి చుట్టూ చేరారు. వానాకాలం వెళ్ళేసరికి వాళ్ళకు అక్షరాలొచ్చాయి, గుణింతాలొచ్చాయి, ఒత్తులొచ్చాయి.

అప్పుడు సుంకులమ్మ కప్ప కథంతా రాయించి, పలకల మీద లక్కతో పరిచింది. అయితే ఆ ఊళ్ళో ఒక ఆచారం. కొత్త పుస్తకాన్ని దసరా పూజలో అమ్మవారి పీఠం మీద పెట్టాలి. దశమి నాడు ఆచార్యులు తన చేత్తో దించి ఇవ్వాలి. అంతవరకు ఎవరూ చదవకూడదు. సుంకులమ్మ ఆచారం తప్పే మనిషి కాదు. పలకలకు గుడ్డ చుట్టి, తలమీద పెట్టుకుని గుడికి మోసుకెళ్ళింది.

ఆచార్యుల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత భక్తి! ఎంత భక్తి!" అంటూ పలకలను పీఠం మీద పెట్టి పసుపు రాశాడు, గంధం పూశాడు, కుంకుమ అద్దాడు.

దశమి వచ్చింది. ఆచార్యులు ఒక్కొక్క పుస్తకమే దించి పిల్లల చేతికిస్తున్నాడు. లక్కపలకలు దించలేదు.

"సామీ, మా పిల్లల పుస్తకం?"

"ఇంత భక్తితో చేసినదాన్ని మొదటి ఏడే దింపుతామా సుంకులమ్మా? ఒక ఏడు అమ్మ దగ్గర ఉండనీ."

సుంకులమ్మ అమ్మకు దండం పెట్టింది. ఇంటికి పోయింది. ఇంకో కథ చేసి రెండో ఏడు తెచ్చింది. అదీ పీఠమెక్కింది. పసుపు, గంధం, కుంకుమ. దశమి వచ్చింది.

"సామీ, మా పిల్లల పుస్తకాలు?"

"చేతులు పడితే లక్క అరిగిపోదూ? భద్రంగా ఉండనీ."

సుంకులమ్మ అమ్మకు దండం పెట్టింది. ఇంటికి పోయింది. మూడో ఏడు మూడో కథ తెచ్చింది. పసుపు, గంధం, కుంకుమ. దశమి వచ్చింది.

"సామీ, మా పిల్లల పుస్తకాలు?"

"ఊరి జనం వాటికే మొక్కుకుంటున్నారు తల్లీ. కదిలిస్తే ఊరికి అరిష్టం."

సుంకులమ్మ అమ్మకు దండం పెట్టింది. ఇంటికి మాత్రం పోలేదు.

గడప దాటింది. గర్భగుడి మెట్టెక్కింది. పీఠం మీంచి కప్ప కథలో చివరి పలకను రెండు చేతులా ఎత్తుకుంది. "అయ్యో! అయ్యో!" అంటూ జనం లేచారు. ఎవరి మాటా ఆమె చెవిన పడలేదు. అరుగు మీదికొచ్చి పలకను ఓబులమ్మ ఒళ్ళో పెట్టింది.

"చదువే."

ఓబులమ్మ వేళ్ళు పలక మీద పాకాయి. అటు పాకాయి, ఇటు పాకాయి, మళ్ళీ మొదటికొచ్చాయి.

"అవ్వా, అక్షరాలు లేవు. పసుపే ఉంది."

విన్నారా నాయనలారా! మొదటి దసరా నుంచి రోజూ రాసిన పసుపు, పూసిన గంధం, అద్దిన కుంకుమ అక్షరాల సందుల్లో పేరుకుని గట్టిపడిపోయాయి. పలకంతా నున్నగా, మెత్తిన గోడలా ఉంది. చూపులేని బిడ్డల చదువును పూజ చేసి పూడ్చేశారు!

సుంకులమ్మ ఒళ్ళు మండిపోయింది. పూజ కలశం తెచ్చి నీళ్ళన్నీ పలక మీద కుమ్మరించింది. నడుముకు దోపుకున్న ఇనపపుల్ల తీసింది, గాజుల మీద చుక్కలు పెట్టే పుల్ల అది. పసుపును గీకడం మొదలుపెట్టింది.

"అమ్మవారి పసుపే అది! మహాపాపం!" అని అరిచాడు ఆచార్యులు.

"సామీ, అమ్మ మొహానికి పసుపు రాస్తాం. నోట్లో కుక్కుతామా?"

సుంకులమ్మ పుల్ల ఆపలేదు. గీకుతున్న చప్పుడొక్కటే వినబడింది. కింది వరుస బయటపడగానే ఓబులమ్మ వేళ్ళు దాని మీద వాలిపోయాయి.

"నేనే... నీకు... గొడుగైతే... నీ గుంట... నింపేదెవరే... కప్పమ్మా?"

చదివి ఆగింది. కిసుక్కున నవ్వింది. వెనక్కి వెళ్ళి అదే వరుస మళ్ళీ చదివింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ నవ్వింది. గుడి నిండా జనం ఆ పిల్ల ముందుకు కదలడం కోసం నిలబడి ఉన్నారు.

అంతటితో ఊరు మారిపోయిందనుకుంటున్నారేమో. అంత సులువా! పలక తిరిగి పీఠమెక్కింది. సుంకులమ్మను గుడి గడప తొక్కనివ్వలేదు. గీకిన చేత్తో చేసిన గాజులు తొడుక్కోకూడదన్నారు. ఆడవాళ్ళు ఆమె ఇంటి వైపు రావడం మానేశారు. కుంపటి చల్లారింది. అమ్మవారికి వీధిలోంచే దండం పెట్టుకుంటూ, మళ్ళీ దసరా రాకముందే ఆ పుణ్యాత్మురాలు కన్నుమూసింది. పాడె వెంట నడిచింది చూపులేని పిల్లలే. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు.

ఆ నడక ఊరి ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. చూసినదాన్ని మరిచిపోలేకపోయారు.

దశమి వచ్చింది. ఆచార్యులు మొదటి తాటాకు పుస్తకం దించి ఒక కాపు పిల్లవాడి ముందుకు చాచాడు. వాళ్ళమ్మ బిడ్డ చెయ్యి పట్టి వెనక్కి లాగి, అరుగు మీది చూపులేని పిల్లల్ని చూపించింది.

"ముందు వాళ్ళకియ్యండి సామీ."

రెండో పుస్తకం ఒక సాలె పిల్ల ముందుకు చాచాడు.

"ముందు వాళ్ళకియ్యండి సామీ."

మూడోది తన సొంత మనవడికే ఇవ్వబోయాడు. ఆచార్యుల భార్య ఏనాడూ నలుగురిలో నోరు తెరవని ఇల్లాలు. ఆవిడ లేచి మనవడి ముందు నిలబడింది. "ముందు వాళ్ళకియ్యండి," అంది.

ఆచార్యులు చేతిలోని పుస్తకం మళ్ళీ పీఠం మీద పెట్టేశాడు. తరవాత ఉత్తరీయం తడిపి, లక్కపలకలను ఒక్కొక్కటే తన చేత్తో తుడిచాడు. అక్షరాలన్నీ తేలేదాకా తుడిచాడు. మూడు కథలూ దించి, అరుగు మీది పిల్లల్ని లోపలికి పిలిచి ఇచ్చాడు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో దసరాకు పుస్తకాలు పూజలో పెడితే, వాటి మీద పసుపు వేయరు, కుంకుమ వేయరు. పువ్వు ఒక్కటే పెడతారు. "సుంకులమ్మ చూస్తుంది" అంటారు. దశమి నాడు మొదట లక్కపలకల పుస్తకం దించి, చూపులేని బిడ్డ చేతిలోనే పెడతారు. ఆ బిడ్డ వేళ్ళతో ఒక వరుసైనా చదివి, చాలనేదాకా మిగతావాళ్ళెవరూ పుస్తకం ముట్టరు. ఊళ్ళో అలాంటి బిడ్డ లేకపోతే పక్కూరికి బండి కట్టుకుని పోతారు. అక్కడా లేకపోతే ఆ పై ఊరికి పోతారు. బండి తిరిగొచ్చేదాకా ఎంతటి పండితుడైనా, ఎంత తొందరున్నా, చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చోవాల్సిందే.