గుబురయ్య మాస్టారు చెక్కిన కర్ర

అనగనగా ఓ అడవి ఉండేదర్రా. అక్కడ హాకీ అంటే అందరూ చెవి కోసుకునేవాళ్లు. ఎండిన వెలగకాయే బంతి, వంకర కొమ్మే కర్ర.

కొండ కాలేజీ జట్టుకి కోచ్ గుబురయ్య అనే ఎలుగుబంటి. పాపం, మంచివాడే. కానీ ఆయన జట్టు ఏటా ఓడిపోయేది. ఏరు పక్కనున్న ఏటి కాలేజీ వాళ్లు వెక్కిరిస్తుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎంపిక పోటీ అయ్యేదాకా ఏ కోచూ ఆడే పిల్లల ఇళ్లకి వెళ్లకూడదు, ఏమీ ఇవ్వకూడదు. పోటీ అయ్యాక, ఏ కాలేజీలో చేరాలో పిల్లలే చెబుతారు.

ఆ ఏడు చుక్కి అనే దుప్పిపిల్ల పోటీకి వస్తోంది. దాని కర్రకి చిక్కిన బంతి ఇంకెవరికీ దక్కేది కాదు. గుబురయ్యకి మనసు ఆగలేదు. ఓ రోజు తేనెపట్టు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. ఇంకోరోజు నేరేడుపళ్లు మోసుకెళ్లాడు. మూడోసారి తన గోళ్లతో చెక్కిన కొత్త కర్ర తీసుకెళ్లాడు.

"ఇది తప్పు కాదా మాస్టారూ?" అంది తల్లి దుప్పి భయంగా.

"అందరూ చేసేదేలేమ్మా! ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు గుబురయ్య.

ఎవరికి తెలుస్తుందట! వెర్రి మాస్టారు! ఆయన గోళ్ల గాట్లు అడవిలో తెలియనిదెవరికి? పోటీరోజున ఆ కర్ర చూడగానే, న్యాయం చెప్పే ఏనుగమ్మ ఆట ఆపించింది.

"చుక్కీ, ఈ కర్ర నీకెవరిచ్చారే?" అని అడిగింది.

చుక్కి తల దించుకుంది. కళ్లనిండా నీళ్లు. అది చూసి గుబురయ్య గుండె తరుక్కుపోయింది. గబగబా ముందుకొచ్చాడు.

"నేనే ఇచ్చానమ్మా. ఇంటికి వెళ్లింది నేను, ఆశపెట్టింది నేను. పిల్లనేమీ అనకండి," అన్నాడు.

"నిజం ఒప్పుకున్నావు కాబట్టి పిల్లని ఆడనిస్తాను గుబురయ్యా. కానీ అది మీ జట్టులో మాత్రం చేరకూడదు," అంది ఏనుగమ్మ.

చుక్కి వెక్కివెక్కి ఏడ్చింది. "ఇవన్నీ ఎందుకు తెచ్చారు మాస్టారూ? ఆటలో పడిపోయిన పిల్లల్ని మీరే వచ్చి లేపుతారు కదా. అందుకే నేను ముందునుంచీ మీ దగ్గరికే రావాలనుకున్నాను!"

ఆ ఏడు చుక్కి ఏటి కాలేజీకి ఆడింది. అది గోల్ కొట్టినప్పుడల్లా గుబురయ్య చప్పట్లు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు.

నీతి: అడ్డదారిలో పట్టుకోబోతే, మనల్ని కోరి వచ్చేది కూడా చేజారిపోతుంది.