మొరాయించని పిస్టల్

వకుళ చేతికి లైసెన్సు వచ్చి నెలన్నర అయింది. పిస్టల్ మాత్రం ఇంకా కొనలేదు.

ఆమె హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నలభై రెండేళ్ళు. ఆదివారం పొద్దున ఊరి బయట పాత రాతి క్వారీలో ఉన్న రైఫిల్ క్లబ్బుకు వచ్చి, కాగితం మీద గురి చూసి యాభై తూటాలు కాల్చి వెళ్ళిపోతుంది. పోటీలకు వెళ్ళాలన్న ఆశ లేదు. నల్లటి చుక్క తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుండే ఆ కాసేపు ఆమెకు ఇష్టం.

అక్కడ నేర్పేది యాకూబ్ ఉస్తాద్. పటాలంలో తుపాకులు బాగుచేసే పని చేసి, పింఛను తీసుకుని వచ్చినవాడు. డెబ్బై దాటాయి. క్లబ్బు పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. ఎక్కువ మాట్లాడడు.

ఆ ఆదివారం వకుళ ఒక నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మూడు పిస్టళ్ళు చూసుకున్నాను ఉస్తాద్. ఒకటి పూర్తిగా ఉక్కుది, బరువు ఎక్కువ, గొట్టం పొడుగు. రెండోది తేలిక, పట్టు బాగుంది, కానీ కొన్ని రకాల తూటాలు దానికి పడవట. మూడోది రివాల్వర్. మూడింటి గురించీ దొరికినదల్లా చదివాను. ఏది కొనమంటారు?"

ఉస్తాద్ పేజీలు తిప్పాడు. బరువులు, కొలతలు, స్ప్రింగు ఎన్నాళ్ళు ఆగుతుంది, ఎన్ని తూటాలకోసారి తుడవాలి, అన్నీ ఉన్నాయి. ఎర్ర సిరాతో గీతలు కొట్టి ఉన్నాయి.

"నీకేం కావాలె?" అన్నాడు.

"ఎప్పుడూ మొరాయించనిది."

ఉస్తాద్ కుడి చెవి ఆమె వైపు తిప్పి, మళ్ళీ చెప్పమన్నట్టు చూశాడు. ఈ మధ్య ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు.

రెండు నెలల క్రితం జరిగింది అది.

ఆ రోజు వకుళ క్లబ్బు పిస్టల్‌తో కాలుస్తోంది. చిన్న తూటాలు వేసే పాయింట్ టూ టూ పిస్టల్. ఆ తూటాకు అడుగున అంచు మీద సూది దెబ్బ పడితే పేలుతుంది. వందలో ఒకదానికి ఆ అంచులో మందు సరిగ్గా చేరదు. దెబ్బ పడినా పేలదు. ఆ రోజు ఆరో తూటాకు టిక్‌మని చప్పుడు వచ్చింది. అంతే, పేలలేదు. తర్వాత ఒక్క క్షణం. చెవులు చిల్లులు పడే చప్పుడు. ఆమెకు కుడి పక్కన కొయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్న ఉస్తాద్ తల పక్కనే స్తంభం చీలి పేళ్ళు లేచాయి.

"దానంతట అదే పేలింది," అంది వకుళ. ఆ రోజు ఎవరు అడిగినా అదే మాట అంది. సెక్రటరీ భద్రయ్య పరుగెత్తుకొచ్చి అడిగినా అదే. కమిటీ కాగితం మీద సంతకం పెట్టినా అదే.

అందరూ ఆమెనే ఓదార్చారు. పాత పిస్టల్, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు, అదే పదివేలు అన్నారు.

అప్పటి నుంచి ఆమెకు నిద్ర పట్టడం లేదు. వంటింట్లో కుక్కరు కూత వేస్తే గుండె జారిపోయేది. ల్యాబులో పరీక్షనాళిక పట్టుకుంటే చూపుడు వేలు తనకు తెలియకుండానే ముడుచుకునేది. ఆ వేలిని ఇంకో చేతిలో దాచుకుని పాఠం చెప్పేది. రెండు నెలలు క్లబ్బు వైపు వెళ్ళలేదు. కాల్చడమే మానేద్దామనుకుంది. మానేస్తే జీవితాంతం ఈ భయం తనతోనే ఉంటుందని ఇంకా భయం వేసింది. మంచి పిస్టల్ కొనుక్కుంటే పోతుందనుకుంది.

ఉస్తాద్ నోటుబుక్కు మూసి ఇచ్చేశాడు.

"వచ్చే ఆదివారం రా. మూడూ తెప్పిస్త. కాల్చి చూడు."

ఆదివారం ఆమె వచ్చేసరికి క్వారీలో ఇంకా ఎండ పడలేదు. రాతి గోడల మధ్య చల్లగా ఉంది. తుపాకుల గది ముందు ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. తలుపు తాళం వేసి ఉంది.

"తియ్యలేదేం ఉస్తాద్?"

"భద్రయ్య సార్ రావాలె. తాళాలు ఆయన దగ్గర ఉన్నయి."

వకుళకు అర్థం కాలేదు. ఆ తాళాలగుత్తి ఎప్పుడూ ఉస్తాద్ నడుముకే ఉండేది.

"ఎప్పటి నుంచి?"

"రెండు నెలలు అయితాంది. కమిటీ తీసుకున్నది." ఆయన మామూలుగానే చెప్పాడు. "పిస్టల్ చెడిపోయిందంటే చూసుకోవలసినోడు చూసుకోలేదన్నట్టే కదా."

"మీరు దాన్ని విప్పి చూశారా?" అంది వకుళ.

"చూసిన."

"ఏముంది?"

"ఏం లేదు," అన్నాడు ఉస్తాద్.

భద్రయ్య స్కూటరు దిగి వచ్చాడు. గది తెరిచి, మూడు పిస్టళ్ళూ బయట పెట్టించి, ఉస్తాద్ చేత రిజిస్టరులో సంతకం పెట్టించుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. సంతకం పెట్టేటప్పుడు ఉస్తాద్ వంగి నిలబడ్డ తీరు చూడలేక వకుళ తల పక్కకు తిప్పుకుంది.

తూటాలు ఉస్తాదే నింపాడు. ఆమెకు వీపు పెట్టి, నెమ్మదిగా, ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి నింపాడు. ఇద్దరూ చెవులకు చప్పుడు తగ్గించే మఫ్‌లు పెట్టుకున్నారు. మొదట ఉక్కు పిస్టల్ బల్ల మీద పెట్టి, వెళ్ళి ఆమెకు కుడి పక్కన నిలబడ్డాడు. చీలిన స్తంభం దగ్గర. సరిగ్గా అక్కడే.

"వెనక్కి రండి ఉస్తాద్," అంది వకుళ.

"ఇక్కడికెల్లి మంచిగ కనిపిస్తది."

"వెనక నుంచి కూడా కనిపిస్తుంది. దయచేసి రండి."

ఆయన వినిపించనట్టు గురి వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె పిస్టల్ ఎత్తింది. బరువుగా, నిలకడగా ఉంది. మొదటి తూటా పేలింది. రెండోది. మూడోది. చప్పుడు రాతి గోడలకు తగిలి తిరిగి వస్తోంది. ప్రతి తూటాకూ ఆమె కుడి భుజం బిగుసుకుంటోంది. ఆ వైపు చూడకుండానే, ఆయన అక్కడ ఉన్నాడని భుజానికి తెలుస్తోంది.

ఏడో తూటాకు టిక్‌మంది.

మెడ కుడి వైపుకు తిరగబోయింది. మెడతో పాటు భుజం, భుజంతో పాటు చెయ్యి. పేలలేదు ఉస్తాద్, చూడండి అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఆయన వైపు తిరిగి చూపించాలి, ఆయన తీసుకుంటాడు, ఆయన చూసుకుంటాడు. రెండు నెలల క్రితం కూడా సరిగ్గా ఇలాగే అనిపించింది.

ఆమె తిరగలేదు. వేలు మీట మీద నుంచి తీసి పక్కన ఆనించింది. గొట్టం గురి వైపే ఉంచింది. అలా ఉంచి ముప్పై లెక్కపెట్టాలని మొదటి రోజే నేర్పాడాయన. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది.

ఒకటి. రెండు. మూడు.

ఎక్కడో గుట్ట మీద పిట్ట అరుపు మఫ్‌లోంచి లీలగా వినిపించింది. గొట్టం చివర చిన్నగా ఊగుతోంది. పన్నెండు. పదమూడు. ఇప్పుడు పేలితే? పేలితే గోడకే తగులుతుంది, గోడకే. ఇరవై ఒకటి. చెమట కంట్లోకి దిగి మండింది. తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు. పక్కన ఉస్తాద్ కదల్లేదు, మాట్లాడలేదు, దగ్గలేదు.

ముప్పై.

తూటాలున్న మ్యాగజైన్ కిందికి తీసి, పిస్టల్ పైన ఉండే స్లైడు వెనక్కి లాగింది. పేలని తూటా బల్ల మీద పడి దొర్లింది. లోపల తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని వేలితో తడిమి చూసి, పిస్టల్ కింద పెట్టింది. బల్ల అంచు పట్టుకుంది.

"రెండోది," అన్నాడు ఉస్తాద్.

"ఇక చాలు ఉస్తాద్."

"మూడు తెప్పించిన బేటీ."

తేలిక పిస్టల్ రెండో తూటాకే టిక్‌మంది. మళ్ళీ ముప్పై లెక్కపెట్టి, ఖాళీ చేసి, అది పక్కన పెట్టి రివాల్వర్ ఎత్తింది. తను చదివినదాంట్లో అన్నిటికంటే నమ్మకమైనది రివాల్వరే. ఒకటి పేలకపోతే మళ్ళీ మీట లాగితే చాలు, తర్వాతది వస్తుంది. అది నాలుగు పేల్చి అయిదోదానికి టిక్‌మంది. మళ్ళీ లాగమని వేలు తహతహలాడింది. అది చూసి ఆమెకు తన వేలంటేనే భయం వేసింది. లాగలేదు. ముప్పై దాకా లెక్కపెట్టింది.

రివాల్వర్ ఖాళీ చేసి మూడింటినీ వరసగా పెట్టింది.

"మూడూ మొరాయించాయి," అంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మంచివని అన్ని చోట్లా రాశారు. ఒక్కటి కూడా..."

ఉస్తాద్ వచ్చి బల్ల మీది పేలని తూటాలు మూడూ ఏరి, ఆమె అరచేతిలో పెట్టాడు. మామూలు తూటాల్లా బరువుగా లేవు.

"మందు లేదు వీటిల్ల. నేనే పెట్టిన."

"ఎందుకు?"

"మొరాయించనిది నేను చూడలేదు ఇన్నేళ్ళల్ల. చూపియ్యమంటే ఏడికెల్లి తేవాలె?"

వకుళ అరచేయి మూసుకుంది.

"కానీ మిగతావన్నీ నిజం తూటాలే కదా. టిక్‌మన్నప్పుడు నేను ఇటు తిరిగి, మళ్ళీ మీట లాగి ఉంటే? అది తెలిసి కూడా మీరు అక్కడే నిలబడ్డారు."

ఉస్తాద్ మఫ్ తీసి ఎడమ చెవి రుద్దుకున్నాడు.

"మీకు భయం వెయ్యలేదా?"

ఆయన ఆమెకు వీపు చూపించాడు. తెల్ల లాల్చీ మెడ నుంచి నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. క్వారీలోకి ఇంకా ఎండ రాలేదు.

"మొదటి తూటా కాడికెల్లి," అన్నాడు.

ఆ వీపు చూస్తుంటే ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఆమెకే ఎవరో అన్నట్టు వినిపించింది.

"ఆ రోజు అది దానంతట అది పేలలేదు ఉస్తాద్."

ఆయన ఇటు తిరిగాడు.

"టిక్‌మన్నాక స్లైడు నేనే లాగాను. కొత్త తూటా ఎక్కిందని తోచలేదు. ఇంకా పాడయ్యే ఉందనుకుని మీకు చూపిద్దామని తిరిగాను. వేలు మీట మీదే ఉంది. నేనే లాగాను. చప్పుడయ్యాక మీ తల పక్కన స్తంభం చూశాను. అప్పుడు... నోటికి అదే వచ్చింది. ఒకసారి అన్నాక మార్చలేకపోయాను." ఆమె ఆయన మొహంలోకి చూసింది. "మీకు తెలుసు కదా?"

"పేలని తూటా కింద దొరికింది. నువ్వు స్లైడు లాగితేనే అది బయటికొస్తది."

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదు?"

"లాగింది నువ్వు. చెయ్యి నీది," అన్నాడు ఉస్తాద్. "నేనెట్ల చెప్త?"

వకుళ మూడు తూటాలూ బల్ల మీద పెట్టింది. చెంగుతో మొహం తుడుచుకుంది. భద్రయ్య గది అక్కడికి యాభై అడుగులు కూడా ఉండదు. ఆ యాభై అడుగుల్లో రెండుసార్లు ఆగింది. ఒకసారి వెనక్కి చూసింది. ఉస్తాద్ పిలవలేదు. రమ్మని కానీ, వద్దని కానీ చెయ్యి ఊపలేదు.

గది తలుపు మూసుకుంది. లోపల భద్రయ్య గొంతు పైకి లేచింది. తగ్గింది. మళ్ళీ లేచింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

ఆమె బయటికి వచ్చేసరికి క్వారీ నిండా ఎండ పడింది. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని గొట్టంలోకి నూనె గుడ్డ దూర్చి తుడుస్తున్నాడు. ఆమె వచ్చి ఆయనకు కుడి వైపున, వినిపించే చెవి పక్కన కూర్చుంది.

"సంవత్సరం దాకా ఇటు రావద్దన్నారు. జరిగింది రాసిచ్చాను. నా మీద పోలీసులకు కూడా తెలియజేస్తారట. లైసెన్సు ఉంటుందో లేదో తెలియదు."

ఉస్తాద్ తల ఊపాడు. గుడ్డ బయటికి లాగి, నల్లబడిన వైపు మడిచి, మళ్ళీ దూర్చాడు.

వకుళ తన చేతి వైపు చూసుకుంది. చూపుడు వేలు ఇంకా ముడుచుకునే ఉంది.

"భయం పోలేదు ఉస్తాద్."

"పోవద్దు," అన్నాడాయన.

ఉస్తాద్ గుడ్డ బయటికి లాగి పక్కన పెట్టాడు.

"ఒకవేళ ఏడాది తర్వాత రానిస్తే," అంది వకుళ, "ఏది కొనమంటారు?"

ఉస్తాద్ తల ఎత్తలేదు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇప్పుడు ఏదైనా," అన్నాడు.